కాలనీ వాల్వు తెరిచే వాక్యం

నా స్క్రిప్టును ముట్టుకోవద్దని, దాన్ని చేతికిచ్చినరోజే ఆమెకు చెప్పాను.

"శానా చిక్కుగా ఉంటాదిమ్మా. ఒకటి కదిపితే ఇంగోటి చెడిపోతాది" అన్నాను.

ఆమె మా ఊరి సచివాలయంలో కొత్తగా చేరిన డిజిటల్ అసిస్టెంటు. ఇరవై ఆరేళ్లుంటాయేమో. రాయదుర్గం పక్కన ఒక పల్లె. వాళ్లమ్మ జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసి ఆమెను ఇంజినీరింగ్ చదివించింది. నా మాటకు ఆమె "సరే సార్" అని మాత్రం అంది. ఆ "సరే"లో ఎదురు చెప్పే ధోరణి ఏమీ లేదు. అయినా నాకు కాస్త గొప్పగా అనిపించిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. నేను రాసింది ఇంకొకరికి సులభంగా అర్థం కాదు అని చెప్పడంలో ఒక ఆనందం ఉంటుంది. పాతికేళ్లుగా కంప్యూటర్లతో బతుకుతున్నవాడిని కాబట్టి ఆ ఆనందం ఎంత చెడ్డదో నాకు తెలిసి ఉండాల్సింది.

నేను బెంగళూరులో ఒక కంపెనీలో సర్వర్లు చూసే పని చేస్తాను. కరోనా రోజుల్లో ఇంటినుంచి పనిచేయమన్నారు. బెళుగుప్పకు అరగంట దూరంలో ఉన్న మా ఊరికి వచ్చి, మళ్లీ బెంగళూరులో ఇల్లు తీసుకోలేదు. ఇంటర్నెట్టు వచ్చింది, గాలిమరల పుణ్యమా అని రోడ్డూ బాగుపడింది. ఊళ్లో ఎవరి ప్రింటరు పనిచేయకపోయినా, ఎవరి ఫోను నీళ్లలో పడినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నీళ్ల పని కూడా అట్లాగే నా చేతికొచ్చింది.

మా ఊరికి తాగునీళ్లు, వంక అని మేము పిలిచే వాగు పక్కనున్న బోరు నుంచి ట్యాంకుకు ఎక్కుతాయి. ట్యాంకు నుంచి మూడు లైన్లు. ఒకటి పెద్దవీధికి, అంటే మా ఇళ్లుండే మిట్టకు. ఒకటి బజారు వీధికి. మూడోది వంక దాటి కాలనీకి. ఇరవై ఏళ్లుగా ఈ మూడు వాల్వులనూ ఒక్క మనిషే ఇనుప కడ్డీతో తిప్పేవాడు. ఊళ్లో అందరికీ ఆయన మామే. మోకాళ్లు అరిగిపోయి ఆయన ట్యాంకు దగ్గరికి నడవలేని పరిస్థితి వచ్చినప్పుడు, పంచాయతీవాళ్లు కరెంటుతో తిరిగే వాల్వులు తెప్పించి, వాటిని నడిపే తెలివి నన్ను పెట్టమన్నారు.

నా దగ్గర అరచేతి పాటి కంప్యూటరు బోర్డు ఒకటి ఊరికే పడివుంది. దాన్ని మోటరు రూములో బిగించాను. దానికో షెల్ స్క్రిప్టు రాశాను. షెల్ స్క్రిప్టు అంటే పెద్ద విద్య కాదు. మనం కంప్యూటరుకు ఒక్కొక్కటిగా చెప్పే పనులన్నీ ఒక చీటీ మీద వరుసగా రాసిచ్చినట్టు. ఇది ఇట్లా ఉంటే అది చెయ్యి, లేకుంటే ఇంకోటి చెయ్యి. ఆ 'ఉంటే'ను ఇఫ్ అంటారు, 'లేకుంటే'ను ఎల్స్ అంటారు. ఐదు నిమిషాలకొకసారి ఆ చీటీని మొదటినుంచి చదువుకొమ్మని పెట్టాను.

రాసేముందు మామను అడిగాను. "ఎట్ల వదుల్తావు మామా, వరస చెప్పు."

"ముందు పెద్దవీధి. ఆపైన బజారు. కడాకు కాలనీ" అన్నాడు ఆయన.

అదే రాశాను. పెద్దవీధికి వదలడం అయిపోయి ఉంటే, ఆ లోపల, బజారుకు వదలడం అయిపోయి ఉంటే, ఆ లోపల, కాలనీ వాల్వు తెరువు. ఇఫ్ లోపల ఇఫ్. మొదలుపెట్టినరోజు మోటరు రూము ముందు టెంకాయ కొట్టారు. మా చిన్నాయన నా మెడలో దండ వేశాడు. ఆ ఫోటో మా ఇంట్లో టీవీ పక్కన ఉంది.

ఆ తర్వాత ఒక్కొక్క ఇబ్బందీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఇంకొక ఇఫ్ చేర్చాను. కరెంటు లేనప్పుడు బోర్డు బ్యాటరీ మీద నడిచి వాల్వును సగంలో వదిలేస్తోందని ఒకటి. బోరులో నీళ్లు దిగిపోయి మోటరు ఊరికే తిరుగుతోందని ఒకటి. సాయంత్రం ఆరు తర్వాత పైపు పగిలితే చూసే దిక్కు లేదని ఇంకొకటి. కాలనీ పల్లంలో ఉంది, వాల్వు తెరిస్తే ట్యాంకు తొందరగా దిగిపోతుంది. అందుకని ట్యాంకులో సగానికి మించి నీళ్లుంటేనే ఆ వాల్వు తెరవాలని ఇంకొకటి పెట్టాను. ఇవన్నీ పెట్టినప్పుడు ఒక్కొక్కదానికీ కారణం ఉంది. అడిగితే చెప్పగలిగేవాణ్ణి.

చిన్నాయన సంగతి వేరు. ఆయన మా నాయనకు తమ్ముడు. ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. పెద్దవీధిలో అన్నిటికంటే మిట్టమీద ఉండే ఇల్లు ఆయనది.

ఒకరోజు వచ్చి "మా ఇంటికాడికి సన్నగా వస్తాండాదప్పా. మా సంపు నిండకముందే నీ మిషను బజారుకు మారిపోతాండాది" అన్నాడు.

నేను ఆయన సంపులో ఒక తేలే బుడ్డిని పెట్టి వైరు లాగాను. ఆ బుడ్డి పైకి తేలితేనే పెద్దవీధి వంతు అయిపోయినట్టు. అప్పటిదాకా కాదు. ఈ మార్పుకు నాకు పది నిమిషాలు పట్టింది. చిన్నమ్మ కాఫీ ఇచ్చింది.

స్క్రిప్టులో ఇఫ్ లోపల ఇఫ్ రాసినప్పుడు లోపలి వాక్యాన్ని కాస్త కుడివైపుకు జరిపి రాస్తాం, చదవడానికి వీలుగా. కొత్త ఇఫ్ చేరిన ప్రతిసారీ కాలనీ వాల్వు తెరిచే వాక్యం కుడివైపుకు జరిగింది. ఆరు ఇఫ్‌లు అయ్యేసరికి అది తెర అంచుకు చేరింది. చివర ఒక్కొక్క ఇఫ్ ఇక్కడితో ముగిసిందని చెప్పే 'fi' అనే మాటలు ఒకదాని కింద ఒకటి ఆరు, మెట్లు దిగినట్టు. నేను దాన్ని చూసి, ఇంత క్లిష్టమైనది తప్పు లేకుండా నడుస్తోందే అని మెచ్చుకున్నాను.

ఆ ఏప్రిల్‌లో కాలనీ నుంచి నలుగురు ఆడవాళ్లు మా ఇంటికి వచ్చారు. వాళ్లలో పెద్దావిడ కూలిపనికి పోతుంది, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. గేటు బయటే నిలబడ్డారు. నేను లోపలికి రమ్మనలేదు. రమ్మనాలని తట్టలేదు అని రాస్తే కొంచెం తేలికగా ఉంటుంది కానీ అది నిజం కాదు. తట్టింది. మా అమ్మ వసారాలో కూర్చుని ఉందని ఊరుకున్నాను.

"ఏమప్పా, మీ మిషను మాకు నీళ్లిడిసి ఎన్నాళ్లయిందో చూడు" అంది పెద్దావిడ.

లాప్‌టాప్ తెచ్చి వసారా గట్టుమీద పెట్టుకుని లాగ్ తెరిచాను. లాగ్ అంటే స్క్రిప్టు తాను చేసిన పనిని ఎప్పటికప్పుడు రాసుకునే ఫైలు. తప్పు జరిగితే అందులో తెలిసిపోవాలి. కిందినుంచి పైకి చూశాను. ఎక్కడా తప్పు కనిపించలేదు.

"యాడా తప్పు లేదవ్వా. మిషనుకు మీరూ మేమూ అని ఉండదు. అందరికీ ఒకటే" అన్నాను.

ఆమె లాప్‌టాప్ వైపు, తర్వాత నావైపు చూసింది.

"మిషనుకు ఉండదులేప్పా" అని వెనక్కి తిరిగింది. మిగతావాళ్లు ఆమె వెంట పోయారు. నేను ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

డిజిటల్ అసిస్టెంటు మా ఊరికి వచ్చింది ఆ నెలలోనే. అద్దెకు గది కోసం ఆమె పెద్దవీధి, బజారు తిరిగింది. మా మేడమీద గది ఖాళీగానే ఉంది. చుట్టాలొస్తారని చెప్పాము. ఆ మాట అన్నది మా అమ్మే అయినా నేను పక్కనే ఉన్నాను. చివరికి ఆమె కాలనీలో ఒక గది తీసుకుంది. పొద్దున ఆఫీసుకు వచ్చేముందు ఆమె కూడా బిందె పట్టుకుని కొళాయి దగ్గర కూర్చునేదని నాకు తర్వాత తెలిసింది.

నేను బెంగళూరు పోయినప్పుడు ఏదైనా చెడిపోతే ఎవరు చూస్తారని పంచాయతీ సెక్రటరీ అడిగాడు. అందుకని స్క్రిప్టు కాపీ ఒకటి, లాగ్ కాపీ ఒకటి ఆమెకు ఇచ్చాను. ముట్టుకోవద్దు అన్నది అప్పుడే.

మూడురోజుల తర్వాత, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆమె ఫోన్ చేసింది. "సార్, ఒకసారి ఆఫీసుకాడికి వస్తారా. నాకొక అనుమానం ఉండాది."

వెళ్లాను. సచివాలయంలో ఆ వేళకు ఎవరూ లేరు. ఆమె స్క్రిప్టును ప్రింటు తీసి, నాలుగు కాగితాలను టేపుతో అతికించి టేబులు మీద పరిచింది. ఏ ఇఫ్ ఎక్కడ మొదలై ఎక్కడ మూసుకుంటుందో పెన్సిల్‌తో గీతలు గీసింది. నా స్క్రిప్టును కాగితం మీద చూడటం నాకు అదే మొదటిసారి.

"సార్, ఈ కాలనీ వాల్వు తెరవాలంటే ఈ ఆరూ నిజం కావాల కదా?"

"అవును."

"ఒక్కటి కాకపోయినా ఏమీ చేయకుండా బయటికొస్తాది కదా?"

"అవునమ్మా. ఇఫ్ అంటే అంతే కదా."

"ఎందుకు తెరవలేదో లాగ్‌లో యాడా రాయలేదు సార్. తెరిచినప్పుడు మాత్రమే రాస్తాండాది. ఎల్స్ అనేది ఒక్క కరెంటుకే ఉండాది. మిగతా ఐదింటికీ లేదు."

 ఏప్రిల్‌లో వసారా మీద నేను చూసిన లాగ్ గుర్తొచ్చింది. తప్పు లేదన్నాను. కాలనీ మాట అందులో ఎక్కడో ఒకచోట తప్ప లేదని చూసుకోలేదు. లేనిదాన్ని లాగ్‌లో వెతకాలని నాకు తోచలేదు.

"ఎండాకాలంలో బోరు సన్నబడుతాది. ట్యాంకు సగం దాటేది ఎప్పుడో ఒకసారి. దాటిన పొద్దు ఈ సంపు నిండేసరికి మూడయితాది. బజారు అయ్యేసరికి ఐదున్నర. ఆరు తర్వాత తెరవదు. తెల్లారితే మళ్లా పెద్దవీధి నుంచి మొదలు" అని ఆమె ఒక్కొక్క గీత మీదా పెన్సిల్ పెడుతూ పోయింది. "ఉగాది నుంచి పెద్దవీధి వాల్వు రోజూ తెరిచింది సార్. కాలనీది తొమ్మిదిసార్లు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త సులభంగా ఉండేది. నేను చేసింది ఏమిటంటే, ఆమె పెన్సిల్‌తో రాసుకున్న ఒక వరుసలో రెండు బ్రాకెట్లు పెట్టాల్సిన చోట ఒకటే ఉందని చూపించాను. "ఇట్ల రాస్తే ఖాళీ విలువ వచ్చినప్పుడు తప్పయితాది చూడు" అన్నాను. ఆమె దాన్ని దిద్దుకుంది. "థాంక్యూ సార్" అంది. ఆ తర్వాత ఇంకొక కాగితం తీసి నా ముందు పెట్టింది.

ఒకే కాగితం. అందులో ఇఫ్ లోపల ఇఫ్ ఒక్కటీ లేదు. ఏ కారణాలవల్ల ఎవరికీ నీళ్లు వదలకూడదో అవన్నీ ముందే, ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచునే ఉన్నాయి. కరెంటు లేకపోతే, లేదని రాసి ఆగిపో. మోటరు నీళ్లు ఎత్తకపోతే, ఎత్తడం లేదని రాసి ఆగిపో. ట్యాంకు అడుగంటితే, ఆ మాట రాసి ఆగిపో. సాయంత్రం ఆరు దాటితే, దాటిందని రాసి ఆగిపో. ఇప్పటికే ఒక వాల్వు తెరిచి ఉండి దాని వేళ తీరకపోతే ఆగిపో. ఇవన్నీ దాటి వస్తే ఇంక ఒకటే ప్రశ్న మిగిలింది. ఈ మూడింటిలో ఎవరికి నీళ్లు వదిలి ఎక్కువ కాలమైంది? వాళ్ల వాల్వు తెరువు. మూడు లైన్లకు మూడు ఖాళీ ఫైళ్లు పెట్టి, వదిలినప్పుడల్లా ఆ ఫైలు మీద అప్పటి వేళ పడేట్టు చేసి, వాటిలో పాతదాన్ని ఎంచుకోమని ఒక్క వరుసలో రాసింది. సాయంత్రం వరస ఎక్కడ ఆగితే మర్నాడు అక్కడినుంచే మొదలవుతుంది.

కాలనీకి అరగంట, బజారుకు అరగంట, పెద్దవీధికి నలభై నిమిషాలు.

"పెద్దవీధికి పది నిమిషాలు ఎక్కువెందుకు?" అని అడిగాను.

"మిట్ట కదా సార్. ఎక్కేదానికి టైం పడుతాది" అంది.

ఆ పది నిమిషాల మాట నన్ను ఇప్పటికీ వదలదు. పల్లం అని నేను కాలనీకి ఒక అడ్డు పెట్టాను. మిట్ట అని ఆమె మాకు పది నిమిషాలు ఇచ్చింది.

"పరీక్ష చేసి చెప్తాలేమ్మా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

పరీక్షకు ఒక గంట చాలు. మోటరు, వాల్వులు ఉన్నట్టు నటించే ఏర్పాటు నా లాప్‌టాప్‌లో ఉంది. ఆ సాయంత్రమే చూశాను. కరెంటు తీసేశాను, ట్యాంకు ఖాళీ చేశాను, గడియారం వెనక్కి తిప్పాను. తప్పు దొరకలేదు. దొరకాలని నేను ఎంతగా కోరుకున్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా దాన్ని మోటరు రూములో పెట్టలేదు. ఐదురోజులు గడిచాయి. పెడితే చిన్నాయన సంపులోని బుడ్డికి ఇంక పని ఉండదు. ఆయనకు ఏమని చెప్పాలో తెలియలేదు. ఆ ఐదురోజులూ ఎండలు మండిపోయాయి. మా సంపు నిండింది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. సచివాలయం ముందు ఎదురైతే "నమస్తే సార్" అనేది.

ఐదోరోజు పొద్దున మామ ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, తప్పులో కొంత ఆయనదే అని ఎవరితోనైనా అనిపించుకోవాలని. వరస చెప్పింది ఆయనే కదా. గడపలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"మామా, నువ్వు వదిలేటప్పుడు కాలనీకి నీళ్లు అందేవా?"

"ఎందుకందవు. రోజిడిసి రోజు అందేవి."

"ఎండాకాలంలో కూడానా?"

"ఆఁ. తక్కువ అందేవి. అందేవి మాత్రం."

"నువ్వు చెప్పిన వరసే కదా నేను రాసింది."

"వరస అదేప్పా" అన్నాడు ఆయన నూనె గిన్నె పక్కన పెట్టి. "అయితే పెద్దవీధి నిండేదాకా ఎవురు కాసుకుంటారు? ఒక గంట చూస్తాంటి. ఆపైన పెద్దవీధిది కట్టేసి, కాలనీది తిప్పొస్తాంటి. బిందెలు పెట్టుకోని ఆడోళ్లు కూర్చోనుంటే వాళ్లను దాటుకోని ఎట్ల ఇంటికి పోయేది?"

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వరస అడిగితివి, వరస చెప్పితి. ఇది చెప్తే మీ చిన్నాయన చెవిన పడుతాదేమోనని ఊరుకున్నా. ఇరవై ఏండ్లు ఆయప్పకు తెలీకుండా నడిపితినే."

అక్కడినుంచి ఇంటికి రాలేదు. నేరుగా మోటరు రూముకు వెళ్లాను. దారిలో ఒకటే ఆలోచన. మామ నోటితో చెప్పిన నియమాన్ని నేను కంప్యూటరుకు ఎక్కించాను. దాన్ని రోజూ చాటుగా తప్పే ఆయన చేతిని తీసేశాను. దానికి దండ వేయించుకున్నాను.

పాత స్క్రిప్టును పక్కన దాచి ఆమె రాసినదాన్ని పెట్టాను. పది గంటల ఐదు నిమిషాలకు అది మొదటిసారి చదువుకుంది. కాలనీ వాల్వు గుర్రుమని తిరిగింది. పైపులో ముందు గాలి వెళ్లింది, తర్వాత నీళ్లు.

మధ్యాహ్నం కాకముందే చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. వసారాలో కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"ఏమప్పా, ఈ పొద్దు ముందు కాలనీకి ఇడిసినారంట?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను ఏమన్నానంటే, "కంపెనీ నుంచి కొత్త అప్‌డేట్ వచ్చింది చిన్నాయనా. అది అట్లనే చేస్తాది. మన చేతిలో లేదు."

"మిషనే చేస్తాండాదా?"

"ఆఁ, మిషనే."

అప్పుడే గేటు దగ్గర చప్పుడైంది. డిజిటల్ అసిస్టెంటు. నీళ్లు చివరి కొళాయి దాకా అందాయని చెప్పడానికి వచ్చిందట. మా మాటలు ఎంతవరకు విన్నదో ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. చిన్నాయనకు నమస్కారం పెట్టింది. నాతో "కాలనీకి నీళ్లు అందినాయి సార్" అని చెప్పి, వచ్చిన దారిన వెళ్లిపోయింది. ఆమె రాసినదానికి ఆమె కళ్లముందే లేని కంపెనీని ఒకదాన్ని పుట్టించాను.

మర్నాడు ఆఫీసు దగ్గర కలిసింది. నేను పలకరించేలోపే అంది. "ఆ అప్‌డేట్ యాడనుంచి వచ్చిందో కాలనీలో అడుగుతాండారు సార్. శనివారం చర్చికాడ మీటింగు పెట్టుకున్నారు. మీరే వచ్చి చెప్పండి."

"నువ్వే చెప్పొచ్చు కదమ్మా."

"నేను చెప్తే నేను మార్చినాను అంటారు సార్. ఇంగ ఆ మాట యాడికి పోతాదో మీకు తెలుసు."

నాకు తెలుసు. శనివారం సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని వంక దాటాను. చర్చి ముందు నీడలో ముప్పై నలభై మంది ఉన్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఏప్రిల్‌లో మా గేటు బయట నిలబడిన పెద్దావిడ ముందు వరుసలో కింద కూర్చుని ఉంది. అసిస్టెంటు వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

కొత్త స్క్రిప్టును తెలుగులో చదివాను. కరెంటు లేకపోతే ఆగిపోతుంది, ట్యాంకు అడుగంటితే ఆగిపోతుంది, లేకపోతే ఎవరికి నీళ్లు వదిలి ఎక్కువ కాలమైందో వాళ్లకు వదులుతుంది. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్‌డేట్ కంపెనీది కాదని, మేము మార్చిందేనని చెప్పాను. "ఈ మేడం, నేను" అన్నాను. ఆమెను మేడం అనడం అదే మొదటిసారి. అప్పటిదాకా అమ్మా అనే నెపంతో నువ్వు అంటూ వచ్చాను.

పెద్దావిడ అడిగింది. "సరేప్పా. ముందు ఏముండె దాంట్లో?"

పాతది తీసేశాను అనొచ్చు. లాప్‌టాప్‌లో ఏముందో వాళ్లెవరికీ తెలియదు. గోడ దగ్గర నిలబడినామెకు తెలుసు. ఆమె నావైపు చూడలేదు, నేలకేసి చూస్తోంది. నేను పాత ఫైలు తెరిచాను.

"కరెంటు ఉంటే" అని మొదలుపెట్టాను. "ఆ లోపల, మోటరు నీళ్లు ఎత్తుతుంటే. ఆ లోపల, పెద్దవీధికి అయిపోయి ఉంటే, అంటే, మా చిన్నాయన సంపు నిండి ఉంటే. ఆ లోపల, బజారుకు అయిపోయి ఉంటే. ఆ లోపల, ట్యాంకులో సగానికి మించి ఉంటే. ఆ లోపల, ఆరు గంటలు కాకపోయి ఉంటే." తెరను కుడి అంచు దాకా జరిపాను. "కాలనీ వాల్వు తెరువు."

"సంపు నిండకుంటే?" అంది ఆమె.

"ఆడికే ఆగిపోతాది అవ్వా."

"అంటే ఆయప్ప సంపు నిండకపోతే మా బిందె నిండదని రాసినావు."

"అవునవ్వా."

ఎవరైనా అరుస్తారని అనుకున్నాను. ఎవరూ అరవలేదు. ఒకామె చంకలోని బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"ఇది మాకు తెల్సిందే కదప్పా" అంది పెద్దావిడ. "రాసింది నువ్వని తెలీదు."

"తప్పయింది అవ్వా" అన్నాను.

"సరేలే. ఇప్పుడు వస్తాండాయి కదా." అంతటితో ఆమె పక్కకు తిరిగి, వీధిదీపం సంగతి ఏమైందని ఇంకెవరినో అడిగింది. నా సంగతి అయిపోయింది. వాళ్లకు ఇంకా చాలా పనులున్నాయి. నేను లాప్‌టాప్ మూసి ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలో అట్లాగే కూర్చున్నాను. ఎవరో టీ ఇచ్చారు. తాగుతుంటే తెలిసింది, నలభై ఐదేళ్లలో ఆ వీధిలో నేను తాగిన మొదటి టీ అది.

ఆ సాయంత్రమే చిన్నాయన ఇంటికి వెళ్లి, అప్‌డేట్ మాట అబద్ధమని, మార్చింది నేనేనని చెప్పాను. ఆమె పేరు ఎత్తలేదు. ఆయన "నీ ఇంటికి కూడా అదే వరసా?" అని అడిగాడు. అవునన్నాను. "అట్లయితే నేను చెప్పేదేముందిలే" అన్నాడు. దసరా దాకా నాతో మాట్లాడలేదు. సంపులోని బుడ్డిని ఆయనే తెంపి పారేశాడు.

ఆమె పేరు ఎత్తకపోవడం ఆమెకు ఇబ్బంది రాకూడదని. అది నిజమే. కానీ పంద్రాగస్టు నాడు సచివాలయం ముందు జెండా ఎగరేసిన తర్వాత, నీళ్ల వరస చక్కబెట్టినందుకు పంచాయతీవాళ్లు నన్ను పిలిచి శాలువా కప్పారు. మైకు నా చేతిలోనే ఉంది. చిన్నాయన ముందు వరుసలో ఉన్నాడు. "అందరి సహకారంతో" అని ఏదో చెప్పి మైకు ఇచ్చేశాను. కింద ఆమె మిగతావాళ్లతో పాటు చప్పట్లు కొట్టింది.

తర్వాత వారం సెక్రటరీ గదిలోకి వెళ్లి, స్క్రిప్టు ఆమె రాసిందని చెప్పాను.

"అట్లనా సార్? ముందే చెప్పింటే ఆమెకూ ఒక శాలువా తెప్పిస్తాంటిమి కదా" అన్నాడు ఆయన ఫైళ్లలోంచి తలెత్తి.

నీళ్లు ఇప్పటికీ ఆ వరుసలోనే వస్తున్నాయి. ఎక్కువ రావడం లేదు, అందరికీ తక్కువే వస్తున్నాయి. పోయిన మే నెలలో బోరు మరీ సన్నబడి, మా వీధికి మూడోరోజు కూడా వంతు రాలేదు. మా అమ్మ డ్రమ్ములోంచి చెంబుతో కొలిచి ముంచుకుంది. ఆరోజు ఇంటిల్లిపాదికీ ఎన్ని బిందెలు కావాలో నేను మొదటిసారి తెలుసుకున్నాను.

ఆమెకు గుత్తి వైపు బదిలీ అయింది. వెళ్లేముందు స్క్రిప్టులో రెండు చిన్న మార్పులు చేసి, ఏం మార్చిందో కాగితం మీద రాసి నా చేతికిచ్చింది. మీరు చేసిన పని మీదేనని ఆరోజు మైకులో చెప్పలేకపోయాను అని ఆమెతో అనాలని బస్టాపు దాకా వెళ్లాను. బస్సు త్వరగా వచ్చింది. "జాగ్రత్తగా పోండి మేడం" అన్నాను. "సరే సార్" అని ఆమె ఎక్కింది. నెంబరు నా ఫోనులో ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. చేస్తే మాట ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తేలక మళ్లీ జేబులో పెట్టుకుంటాను.